ఏది ముందు, ఏది తర్వాత: ఫ్యాక్టరీ యంత్రాల వరుసను బొమ్మ గీసి సరిచూసే పద్ధతి

వలీమా దావత్ వంట జరిగే చోట ఒకసారి నిలబడి చూడండి. రెండు పెద్ద దేగ్‌లు, ఇద్దరు బావర్చీలు. అన్నం వార్చే పెద్ద జాలీ గరిటె ఒకటే ఉంది. దేగ్‌లో పొరలు పరిచే కఫ్గీర్ కూడా ఒకటే ఉంది. బిర్యానీ పరవాలంటే రెండూ ఒకేసారి చేతిలో ఉండాలి. మొదటాయన జాలీ అందుకుని కఫ్గీర్ కోసం చూస్తున్నాడు. రెండో ఆయన కఫ్గీర్ అందుకుని జాలీ కోసం చూస్తున్నాడు. ఇద్దరి తప్పూ లేదు. ఇద్దరూ తమ పని తాము సక్రమంగానే చేస్తున్నారు. కానీ బియ్యం మాత్రం నీళ్లలో ముద్దయిపోతోంది.

మనుషులు కాబట్టి గొడవ అక్కడితో తీరిపోతుంది. "భాయ్, ముందు నువ్వు కానివ్వు" అని ఒకరు ఇచ్చేస్తారు. యంత్రానికి ఆ మాట రాదు. దానికి రాసిపెట్టిన ఆజ్ఞలో "ఆగు" అని ఉంటే ఆగే ఉంటుంది, తెల్లవార్లూ.

మన ఇళ్ల నుంచి ఎంతోమంది అబ్బాయిలు, ఇప్పుడు అమ్మాయిలు కూడా ఇలాంటి యంత్రాల మధ్యకే పనికి వెళ్తున్నారు. కొందరు పటాన్‌చెరు, జీడిమెట్ల మందుల కంపెనీలకు, కొందరు విశాఖ దగ్గర పరవాడ, అచ్యుతాపురం వైపు, ఇంకొందరు జుబైల్, యాన్‌బూ, రువైస్ ప్లాంట్లకు. ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ చదివి "పీఎల్‌సీ కోర్సు" చేస్తున్న పిల్లలున్న ఇల్లు ప్రతి మొహల్లాలో ఒకటైనా ఉంటుంది. ఆ పిల్లలు నేర్చుకునే పని దేని గురించి, అందులో ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు ఎక్కడ దాగి ఉంటుంది, దాన్ని ముందే పట్టుకోవడానికి ఏ పద్ధతి ఉంది అన్నది ఇంట్లోవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పుకుందాం.

గడియారం కాదు, ఘటన

ఫ్యాక్టరీలో నియంత్రణ రెండు రకాలు. ఒకటి ఎడతెగని నియంత్రణ. రియాక్టర్‌లో వేడి 80 డిగ్రీల దగ్గరే నిలబడాలి. పెరిగితే ఆవిరి తగ్గించాలి, తగ్గితే పెంచాలి. పాలు పొంగకుండా మంట సర్దుతూ ఉండటం లాంటిది ఇది.

రెండోది ఘటనల మీద నడిచే నియంత్రణ. "ట్యాంకు నిండింది" అనేది ఒక ఘటన. "వాల్వు పూర్తిగా మూసుకుంది", "మోటారు తిరగడం మొదలైంది", "ఆపరేటర్ బటన్ నొక్కాడు", "కరెంటు పోయింది" కూడా ఘటనలే. ఒక ఘటన జరిగితేనే తర్వాతి పని మొదలవ్వాలి. ఇక్కడ గంట ఎంతయింది అన్నది ముఖ్యం కాదు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరగాలి అన్నదే ముఖ్యం. ఇంట్లో వాషింగ్ మెషిన్ చూడండి. నీళ్లు నిండాకే తిరుగుతుంది. నీళ్లు సన్నగా వస్తే ఎక్కువసేపు ఆగుతుంది, అంతేగానీ ఖాళీగా తిరగదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అల్ జజరీ 1206లో పూర్తిచేసిన గ్రంథంలో ఏనుగు గడియారం ఒకటి ఉంది. ఆయన దియార్‌బకర్‌లో అర్తుఖీ పాలకుల దగ్గర పనిచేసిన ఇంజినీరు. ఏనుగు కడుపులో నీళ్లు, ఆ నీళ్ల మీద తేలే చిల్లు గిన్నె. నీరు మెల్లగా ఎక్కి అరగంటకు గిన్నె మునుగుతుంది. మునిగిన గిన్నె తాడు లాగుతుంది, తాడు బంతిని వదులుతుంది, బంతి దొర్లి కింద ఉన్న బొమ్మలను కదిలిస్తుంది. చివరకు గిన్నె మళ్లీ పైకి లేచి మొదటికి వస్తుంది. మన దగ్గర ఘడియ కొలవడానికి వాడిన చిల్లు గిన్నె కూడా ఈ జాతిదే. ఒక ఘటన ఇంకో ఘటనకు తాళం తీయడమే ఇందులోని సూత్రం. జజరీ యంత్రంలో ఒకే గొలుసు ఉంది కాబట్టి కళ్లతో చూసి సరిచేసుకోవచ్చు. ఈనాటి ప్లాంటులో అలాంటి గొలుసులు పదులకొద్దీ ఒకేసారి నడుస్తాయి. ఒకదానికొకటి అడ్డు కూడా పడతాయి. చిక్కంతా అక్కడే.

వరుస తప్పితే ఏమవుతుంది?

మందుల కంపెనీలో ఒక బ్యాచ్ ఎలా నడుస్తుందో చూద్దాం. ముందు రియాక్టర్ అడుగు వాల్వు మూసి ఉందో లేదో చూడాలి. తర్వాత సాల్వెంట్ నింపాలి. ఎజిటేటర్ తిప్పాలి. చల్లటి నీరు చుట్టూ తిరుగుతోందని తెలిశాకే వేడి పుట్టించే రసాయనాన్ని కొద్దికొద్దిగా వదలాలి. పని పూర్తయ్యాక చల్లార్చి, అప్పుడు దించాలి.

ఇందులో ఒక్క వరుస తప్పిందనుకోండి. ఎజిటేటర్ తిరగకముందే రసాయనం పడటం మొదలైంది. కలవకుండా ఒక పక్కన పోగుపడుతుంది. పైకి ఏమీ జరిగినట్టు కనిపించదు. కొంతసేపటికి ఎవరో గమనించి ఎజిటేటర్ ఆన్ చేస్తారు. గంటలో మెల్లగా జరగాల్సిన చర్య అంతా ఒక్కసారిగా జరుగుతుంది. ఆ వేడిని చల్లటి నీరు మోయలేదు. రసాయన పరిశ్రమలో ఇది బాగా తెలిసిన ప్రమాదం. చేసిన పనులన్నీ సరైనవే. ఒకటి ముందు జరగాల్సింది వెనక జరిగింది, అంతే తేడా.

రిలే నుంచి పీఎల్‌సీ దాకా

ఒకప్పుడు ఈ వరుసలను రిలేలతో నడిపేవారు. రిలే అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్. గోడంత బీరువాల్లో వందల రిలేలు, వేల తీగలు. వరుస మార్చాలంటే తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాల్సిందే. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు ఈ బాధ పడలేక తీగలు మార్చకుండా ఆజ్ఞలు మార్చుకునే యంత్రం కావాలని అడిగారు. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 అలా పుట్టింది. పీఎల్‌సీల కథ అక్కడే మొదలైంది.

ఎలక్ట్రీషియన్లు భయపడకూడదని ఆ యంత్రానికి ఆజ్ఞలు రాసే పద్ధతిని పాత రిలే బొమ్మలాగే ఉంచారు. నిచ్చెన మెట్లలా కనిపిస్తుంది కాబట్టి దానికి లాడర్ అని పేరు. నేడు మన పిల్లలు ముందుగా నేర్చుకునేది ఇదే. లాడర్ మంచిదే. "ఈ బటన్ నొక్కి, ఆ సెన్సర్ ఆన్‌లో ఉంటే మోటారు తిప్పు" అని చెప్పడానికి దానికి సాటి లేదు. కానీ మెట్లు రెండు మూడొందలయ్యాక "ఇప్పుడు ప్లాంటు ఏ దశలో ఉంది, ఇక్కడి నుంచి ఎక్కడెక్కడికి వెళ్లగలదు" అని అడిగితే లాడర్ చూసి చెప్పడం కష్టం. ఆ వరుస ఎక్కడో మెట్ల మధ్య దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి తీసి కళ్ల ముందు పెట్టడానికే ఈ బొమ్మల పద్ధతి.

పెట్రి గీసిన బొమ్మ

కార్ల్ ఆడమ్ పెట్రి జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1926లో పుట్టారు. 1939లో, 13 ఏళ్ల వయసులో, రసాయన చర్యలు గుర్తుపెట్టుకోవడానికి వృత్తాలు, గీతలు, బాణాలతో బొమ్మలు గీసుకున్నారట. ఏయే పదార్థాలు కలిస్తే ఏవేవి వస్తాయో ఆ బొమ్మలో కనిపించేది. 1962లో ఆయన డాక్టరేట్ కోసం సమర్పించిన పరిశోధనతో ఈ బొమ్మల వెనక ఉన్న ఆలోచన గణితశాస్త్రంలోకి వచ్చింది. ఈనాడు వాటిని పెట్రి నెట్‌లు అంటారు. 2010లో ఆయన చనిపోయారు.

బొమ్మ నియమాలు కారమ్ బోర్డు ఆటకన్నా తేలిక. నాలుగే ఉన్నాయి.

వృత్తం ఒక స్థితి. "పంపు ఖాళీగా ఉంది" అనో, "రియాక్టర్ నిండుతోంది" అనో దాని పేరు.

అడ్డగీత ఒక ఘటన. "పంపు తీసుకోవడం" లాంటిది.

బాణాలు వృత్తం నుంచి గీతకు, గీత నుంచి వృత్తానికి వెళ్తాయి. వృత్తం నుంచి వృత్తానికి నేరుగా బాణం ఉండదు.

వృత్తంలో పెట్టే చుక్క టోకెన్. చింతగింజ అనుకోండి. అది ఉంటే ఆ స్థితి ఇప్పుడు నిజం.

ఆట ఇలా సాగుతుంది. ఒక గీతలోకి బాణాలు వచ్చే వృత్తాలన్నింటిలోనూ గింజ ఉంటేనే ఆ ఘటన జరగగలదు. జరిగితే ఆ వృత్తాల నుంచి ఒక్కో గింజ తీసేయాలి, బాణాలు వెళ్లే వృత్తాల్లో ఒక్కో గింజ వేయాలి. అంతే. పెట్రి నెట్ మొత్తం ఇదే.

రెండు రియాక్టర్లు, ఒక పంపు, ఒక తూకం ట్యాంకు

ఇప్పుడు దావత్ వంటను ప్లాంటులోకి తీసుకెళ్దాం. ఏ, బీ అని రెండు రియాక్టర్లు. ఇద్దరికీ కలిపి ఒకటే పంపు, ఒకటే తూకం ట్యాంకు. రియాక్టర్‌ను నింపాలంటే రెండూ కావాలి. ఏ ప్రోగ్రామ్ రాసినవాడు ముందు పంపు, తర్వాత తూకం ట్యాంకు తీసుకునేలా రాశాడు. బీ ప్రోగ్రామ్ వేరే రోజు వేరేవాడు రాశాడు. అందులో ముందు తూకం ట్యాంకు, తర్వాత పంపు. నింపడం అయ్యాక ఇద్దరూ రెండింటినీ వదిలేస్తారు.

కాగితం తీసుకుని గీయండి. ఏకు మూడు వృత్తాలు: ఖాళీగా ఉంది, ఒకటి పట్టుకుని ఆగింది, నిండుతోంది. బీకి కూడా అవే మూడు. పంపు ఖాళీ అని ఒకటి, తూకం ట్యాంకు ఖాళీ అని ఒకటి. మొత్తం 8 వృత్తాలు. ఒక్కో రియాక్టర్‌కు మూడు ఘటనలు: మొదటిది తీసుకోవడం, రెండోది తీసుకోవడం, వదలడం. మొత్తం 6 గీతలు. మొదట్లో రెండు రియాక్టర్ల "ఖాళీ" వృత్తాల్లో, పంపు, ట్యాంకు వృత్తాల్లో ఒక్కో గింజ.

ఇప్పుడు గింజలు కదుపుతూ, చేరగలిగిన స్థితులన్నీ రాసుకుంటూ వెళ్లండి. రెండూ ఖాళీ, ఒకటి. ఏ పంపు పట్టుకుంది, బీ ఖాళీ, రెండు. ఏ నిండుతోంది, బీ ఖాళీ, మూడు. బీ తూకం ట్యాంకు పట్టుకుంది, ఏ ఖాళీ, నాలుగు. బీ నిండుతోంది, ఏ ఖాళీ, ఐదు. ఏ పంపు పట్టుకుంది, బీ తూకం ట్యాంకు పట్టుకుంది, ఆరు. ఏడోది లేదు.

ఆ ఆరో స్థితి దగ్గర ఆగండి. పంపు వృత్తంలో గింజ లేదు, తూకం ట్యాంకు వృత్తంలోనూ లేదు. ఆరు గీతల్లో ఏ ఒక్కటీ జరగలేదు. ఆట కట్టు. దీన్నే డెడ్‌లాక్ అంటారు. ఇద్దరు బావర్చీల కథే ఇది.

ఇప్పుడు బీ ప్రోగ్రామ్‌ను కూడా "ముందు పంపు, తర్వాత తూకం ట్యాంకు" అని మార్చి మళ్లీ గింజలు కదపండి. ఈసారి ఐదు స్థితులే వస్తాయి. ఆరోది రావడానికి దారే లేదు, ఎందుకంటే ఇద్దరూ ముందు పంపే అడగాలి, పంపు ఒకటే ఉంది. ఒక్క రూపాయి సామాను కొనలేదు. వరుస మారింది, చిక్కు మాయమైంది.

"ఆగిపోతే ఆగిపోయింది, ప్రమాదమేముంది?" అని మీరు అడగొచ్చు. ప్రమాదం తర్వాత వస్తుంది. రాత్రి రెండు గంటలకు ప్లాంటు ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. పై నుంచి ఫోన్లు వస్తుంటాయి. షిఫ్టులో ఉన్న కుర్రాడు ప్యానెల్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు మారుస్తాడు. చాలాచోట్ల మాన్యువల్‌లో కొన్ని ఇంటర్‌లాక్‌లు పనిచేయవు. చేత్తో ఒక వాల్వు తెరుస్తాడు, ఇంకో వాల్వు మూసి ఉందనుకుంటాడు. ఆ "అనుకోవడం" దగ్గరే ప్రాణాలు పోతాయి. కాగితం మీద పది నిమిషాల్లో పట్టుకోగలిగిన తప్పును చివరికి ఆ కుర్రాడు తన ఒంటి మీద మోస్తాడు.

గోడ మేకుకు తాళంచెవి

ఈ బొమ్మ ఇంకో మేలు చేస్తుంది. ఎన్నడూ జరగకూడనిది ఎన్నడూ జరగదని లెక్కతో చూపిస్తుంది.

మస్జిద్ గదికి ఒకటే తాళంచెవి ఉందనుకోండి. అది మేకు మీద ఉంటుంది, లేదా మౌజన్ సాబ్ దగ్గర, లేదా సద్ర్ సాబ్ దగ్గర. ఎన్నిసార్లు చేతులు మారినా ఈ మూడు చోట్ల లెక్క కలిపితే ఎప్పుడూ ఒకటే. కాబట్టి ఇద్దరి దగ్గరా ఒకేసారి ఉండటం అసాధ్యం. దీన్ని రుజువు చేయడానికి ఏడాది పొడవునా కాపలా కాయనక్కర్లేదు.

మన బొమ్మలో పంపు కూడా అంతే. మొదటి బొమ్మనే తీసుకోండి. పంపు ఖాళీ, ఏ పంపు పట్టుకుంది, ఏ నిండుతోంది, బీ నిండుతోంది. ఈ నాలుగు వృత్తాల గింజలు కలిపితే ఎప్పుడూ ఒకటే వస్తుంది. ఏ ఘటన జరిగినా ఆ కూడిక మారదు. అందుకే ఏ, బీ రెండూ ఒకేసారి నిండటం ఎన్నటికీ జరగదు. స్థితులు లెక్కపెట్టకుండానే తేలిపోయింది. చూశారా, ఆ మొదటి ప్రోగ్రామ్ ఒక విషయంలో భద్రమే, ఇంకో విషయంలో చిక్కుముడి. రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి. "చెడు జరగదు కదా?" అన్నది ఒకటి. "పని ముందుకు సాగుతుంది కదా?" అన్నది రెండోది.

వందసార్లు నడిపి చూశాం, చాలదా?

"మేం టెస్ట్ చేశాం, బాగానే నడిచింది" అనే మాట ప్లాంట్లలో తరచుగా వినిపిస్తుంది. టెస్ట్ అంటే కొన్ని దారుల్లో నడిచి చూడటం. మనం నడవని దారిలో గొయ్యి ఉంటే తెలియదు.

తెరిచి లేదా మూసి ఉండే వాల్వులు 10 ఉంటే వాటి స్థితులు 1,024. 20 ఉంటే 10,48,576. ఒక మాదిరి ప్లాంటులో వాల్వులు వందలు. అన్నీ చేత్తో నడిపి చూడటం మనిషి వల్ల కాదు. బొమ్మ గీసి కంప్యూటర్‌కు ఇస్తే చేరగలిగిన స్థితులన్నీ అది వెతుకుతుంది. మరీ పెద్దదైతే కంప్యూటర్‌కు కూడా కష్టమే. అప్పుడు తాళంచెవి లెక్కలాంటివి, బొమ్మను ముక్కలుగా చేసి చూడటం లాంటివి పనికొస్తాయి.

ఫ్యాక్టరీ కాదు గానీ, ఇదే జాతి తప్పు ఎంత దూరం వెళ్తుందో చూపిన ఉదాహరణ ఒకటుంది. థెరాక్ 25 అనే కెనడా తయారీ యంత్రం క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చేది. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో అది ఆరుగురికి ఇవ్వాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. కారణాల్లో ఒకటి వరుసకు సంబంధించినదే. ఆపరేటర్ చికిత్స రకం తప్పుగా కొట్టి, వెంటనే సరిదిద్దితే, యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి పట్టే 8 సెకన్లలోపే ఆ దిద్దుబాటు ముగిసిపోయేది. సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగానికి ఆ మార్పు తెలిసేదే కాదు. మెల్లగా టైప్ చేసేవాళ్లకు ఎప్పుడూ ఏమీ కాలేదు. పని బాగా చేయి తిరిగి, వేగం వచ్చాకే ప్రమాదం బయటపడింది. అంతకు ముందటి మోడల్‌లో విడిగా ఇనుప ఇంటర్‌లాక్‌లు ఉండేవి. సాఫ్ట్‌వేర్ తప్పినా అవి ఆపేవి. కొత్త మోడల్‌లో వాటిని తీసేశారు. ఈ రెండు పాఠాలూ ప్లాంటుకు అలాగే వర్తిస్తాయి.

మన చేతిలో ఉన్నవి, లేనివి

1980లలో పీటర్ రామడ్జ్, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ముర్రే వోనమ్ కలిసి ఈ రంగానికి ఒక కీలకమైన ఆలోచన ఇచ్చారు. ఘటనలను రెండుగా విడదీయమన్నారు. "పంపు ఆన్ చేయి" అనేది మనం ఆపగలిగే ఘటన. "కరెంటు పోయింది", "పైపు పగిలింది", "ఒత్తిడి హద్దు దాటింది" అనేవి మనం ఆపలేని ఘటనలు. అవి మన అనుమతి అడగవు.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ దీనివల్ల భద్రత అర్థమే మారుతుంది. ఒక స్థితి నుంచి ఆపలేని ఘటన వల్ల ప్రమాదంలోకి వెళ్లే దారి ఉంటే, ఆ స్థితి కూడా ప్రమాదకరమే. కాబట్టి ఒక అడుగు ముందే, మన చేతిలో ఉన్న ఘటన దగ్గరే ఆపాలి. చల్లటి నీరు తిరగకుండా రసాయనం వదలకూడదన్న నియమం చాలదు. రసాయనం సగం పడ్డాక నీటి పంపు ఆగితే ఏమిటి? ఆ పంపు ఆగడం మన చేతిలో లేదు. అందుకే ఒక్కసారిగా ఎంత వదలాలి అన్నదే తగ్గించాలి, నీరు ఆగినా మిగిలిన వేడిని రియాక్టర్ తట్టుకోగలిగేంత మాత్రమే.

ఈ బొమ్మలు ప్లాంటులోకి ఎలా వచ్చాయి?

1970లలో ఫ్రాన్స్ ఇంజినీర్లు పెట్రి నెట్‌ల స్ఫూర్తితో ప్లాంటు మనిషికి పనికొచ్చే బొమ్మ ఒకటి తయారుచేశారు. దాని పేరు గ్రాఫ్‌సెట్. వృత్తాలకు బదులు చతురస్రాలు. ప్రతి చతురస్రం ఒక దశ, పక్కనే ఆ దశలో చేయాల్సిన పని రాసి ఉంటుంది. దశకూ దశకూ మధ్య అడ్డగీత, దాని పక్కన షరతు. మొదటి దశకు రెండు గీతల చతురస్రం. 1988లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైంది. 1993లో పీఎల్‌సీ భాషల ప్రమాణం వచ్చినప్పుడు దీని తమ్ముడులాంటి ఎస్ఎఫ్‌సీ అందులో చేరింది. అంటే లాడర్ నేర్చుకునే మన పిల్లల కంప్యూటర్‌లో, చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఎఫ్‌సీ కూడా ఉంటుంది. చాలామంది దాన్ని తెరిచి చూడరు, అంతే.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పెట్రి నెట్‌లో ఒకే గింజ కోసం రెండు ఘటనలు పోటీపడితే ఒకటే గెలుస్తుంది. గ్రాఫ్‌సెట్‌లో ఒకే దశ నుంచి రెండు దారులున్నప్పుడు రెండు షరతులూ ఒకేసారి నిజమైతే రెండు దారులూ తెరుచుకుంటాయి. కాబట్టి "ఏకే ముందు" అనో, "ఏ అడగనప్పుడే బీకి" అనో షరతులోనే స్పష్టంగా రాయాలి. బొమ్మలు ఒకేలా కనిపిస్తున్నాయి కదా అని నియమాలు కూడా ఒకటే అనుకోకూడదు.

బొమ్మ చెప్పలేనిది

ఈ పద్ధతి మంత్రం కాదు. గీసిన దాని గురించే అది రుజువు చేస్తుంది. "వాల్వు మూయి అన్నాం, మూసుకుంది" అని గీస్తే, తుప్పు పట్టి సగంలో ఇరుక్కున్న వాల్వు ఆ బొమ్మలో ఉండదు. అందుకే మంచి ఇంజినీరు "మూయమన్నాం" అనే వృత్తం, "మూసుకుందని స్విచ్ చెప్పింది" అనే వృత్తం వేరువేరుగా గీస్తాడు. రెండింటి మధ్య "చెప్పిన సమయంలో మూసుకోలేదు" అనే దారి కూడా గీస్తాడు. ఆ స్విచ్చే అబద్ధం చెప్తే? దానికి ఇంకో సెన్సర్ సాక్ష్యం కావాలి. ఒక సాక్షి మాట చాలదని మనకు తెలిసిందే కదా.

పిల్లలు ఏం నేర్చుకోవాలి, మనం ఏం అడగాలి

పీఎల్‌సీ కోర్సుకు డబ్బు కట్టేముందు ఇన్‌స్టిట్యూట్ వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. లాడర్ ఒక్కటేనా, ఎస్ఎఫ్‌సీ కూడా నేర్పుతారా? ప్రోగ్రామ్ రాసే ముందు వరుసను కాగితం మీద గీయిస్తారా? వాల్వు ఇరుక్కుంటే, కరెంటు పోయి వస్తే ఏం జరగాలో కూడా రాయిస్తారా? మూడింటికీ అవునంటే ఆ చోట మంచి చదువు దొరికే అవకాశం ఉంది.

ఇప్పటికే ప్లాంటులో ఉన్న పిల్లలకు పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఒక నోట్‌బుక్కు, కొన్ని చింతగింజలు చాలు. తమ సెక్షన్‌లో ఇద్దరు పంచుకునే పరికరాలు ఏవో రాసుకోవాలి. ఎవరు ఏ వరుసలో తీసుకుంటారో గీసుకోవాలి. అందరూ ఒకే వరుసలో తీసుకుంటున్నారా అని చూడాలి. గింజలు కదిపి ఎక్కడైనా ఆట కట్టుతుందేమో చూడాలి. ఆట కట్టే చోటు కనిపిస్తే, మాన్యువల్‌లో పెట్టి దాటేయకుండా, ఆ కాగితంతో ఇంజినీరు దగ్గరికి వెళ్లాలి. "సార్, నాకు అనుమానంగా ఉంది" అంటే కొట్టిపారేస్తారేమో. "సార్, ఇదిగో ఈ నాలుగు అడుగులు ఈ వరుసలో జరిగితే ప్లాంటు ఆగిపోతుంది" అని బొమ్మ చూపిస్తే కొట్టిపారేయడం కష్టం. చిన్న ఉద్యోగంలో ఉన్న కుర్రాడి మాటకు బరువు తెచ్చేది ఆ కాగితమే.

నైట్ షిఫ్టుకు బయల్దేరే కొడుకును అమ్మీ గుమ్మం దాకా వచ్చి దుఆ చేసి పంపుతుంది. ఆ దుఆ మన వంతు. ఒంటెను ముందు కట్టు, ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా ఉంచు అన్న ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధ మనకు తెలుసు. ఫ్యాక్టరీలో ఒంటెను కట్టడం అంటే ఇదే: స్విచ్ వేయకముందే ఏది ముందు, ఏది తర్వాత అని గీసి, చేరకూడని చోటికి ఏ దారీ లేదని సరిచూసుకోవడం.